రాజుగారి ఎడమచేతి ఆకు

ఒకానొక రాజ్యంలో ఒక రాజు ఉండేవాడు అని ఊరుకుంటే సరిపోదు. ఆ రాజుకు ఒక చేతిరాత కూడా ఉండేదని చెప్పాలి. ఎందుకంటే పాలవంక రాజ్యంలో రాజుగారి కంటే ఆయన చేతిరాతకే మర్యాద ఎక్కువ.

ప్రతాపభూషణ మహారాజు తాటాకు మీద ఏదైనా రాస్తే ఆ ఆకును వెండి పళ్లెంలో పెట్టి, పైన గొడుగు పట్టి ఊరేగించేవారు. దారిన పోయేవాళ్లు ఆగి దణ్ణం పెట్టాలి. అందులో ఏం రాసి ఉందో ఎవరూ అడిగేవారు కారు. వంటశాలలో చింతపండు నిండుకుందని రాసిన ఆకుకు కూడా ఒకసారి మేళతాళాలు తప్పలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. అక్షరాన్ని చూసి మనిషి గుణం చెప్పే విద్య తనకు పట్టుబడిందని రాజుగారికి నమ్మకం కుదిరింది. దానికి 'అక్షర సాముద్రికం' అని తానే పేరు పెట్టుకున్నారు. కొమ్ము సాగితే కోపిష్ఠి, సున్న చిన్నదైతే పిసినారి, గీత వణికితే దొంగ. రాజుగారు చెప్పడం, సభంతా తలూపడం.

ఈ విద్యకు ఎక్కువగా బలయ్యేది రాజుగారి పోషణలో ఉన్న విద్యాపీఠం. ఏటా చదువు ముగిసే వేళ అక్కడి విద్యార్థులకు అక్షర పరీక్ష జరిగేది. గురువుగారు కొన్ని వాక్యాలు చెబుతారు, అందరూ వాటినే రాయాలి. తాటాకు మీద రాయడమంటే ఇనుప గంటంతో గీయడమే కదా. గీసేటప్పుడు ఆ గీతలు కంటికి సరిగా ఆనవు. మరునాడు నిండుసభలో ఆకులన్నిటికీ పసరు కలిపిన దీపపు మసి పూసి గుడ్డతో తుడిస్తే, పైమసి పోయి గీతల్లో నలుపు నిలుస్తుంది. రాసినవాడి బండారం బయటపడేది అప్పుడే.

ఆకుల మీద పేర్లుండవు. రాజుగారు ఒక్కో ఆకూ చూసి రాసినవాడి గుణం చెప్పాక, ఆ రాసినవాడు లేచి నిలబడాలి. మెప్పు పొందినవాడికి కొలువు దొరుకుతుంది. రాత బాగాలేదనిపించుకున్నవాడి గంటాన్ని అక్కడే సమ్మెటతో రెండు ముక్కలు చేసేస్తారు. గంటం విరిగినవాడిని ఆ రాజ్యంలో ఇంకే గురువూ చేర్చుకోడు, రాతపని అని ఎవరూ గడప తొక్కనివ్వరు.

ఆ ఏడాది గంటం విరగబోయేది ఎవరిదో పరీక్షకు ముందే అందరికీ తెలుసు. కొమ్మనది.

కొమ్మనకు చదువు రాదనుకునేరు. ఒకసారి విన్నది మరిచిపోడు. గురువుగారు పాఠం మధ్యలో తడబడితే పక్కనున్నవాళ్లు కొమ్మన వైపే చూసేవారు. వచ్చిన చిక్కల్లా రాతతోనే. గంటం పట్టుకుంటే అక్షరం ఒకటి కొండెక్కేది, ఒకటి లోయలో పడేది. గట్టిగా నొక్కితే ఆకు చిరిగేది, మెల్లిగా గీస్తే మసి నిలిచేది కాదు. కోడి కెలికినట్టుందని తోటివాళ్లు నవ్వేవారు. వాళ్ల నవ్వు ఆగేదాకా కొమ్మన కూడా నవ్వేవాడు, ఆ తరవాత అన్నం సహించేది కాదు.

అసలు సంగతి ఏమిటంటే, కొమ్మనది ఎడమచేతి వాటం. ఇసుకలో ఓనమాలు దిద్దే రోజుల్లోనే గురువు కేశవ సోమయాజులుగారు అది కనిపెట్టి, ఎడమచేతిని నడుముకు గుడ్డపేలికతో కట్టేశారు. ఎడమచేత్తో రాస్తే సరస్వతికి అపచారమని ఆయన పట్టుదల. పెద్దయ్యాక కట్టు విప్పారు కానీ బెత్తం విప్పలేదు. ఎడమచేయి గంటం వైపు కదిలిందంటే కణుపుల మీద పడేది.

పరీక్ష దగ్గరపడేకొద్దీ కొమ్మనకు నిద్ర కరువైంది. వాళ్లమ్మ అక్కమ్మ పదిళ్లలో వడ్లు దంచి అతన్ని చదివిస్తోంది. కొడుకు కొలువులో కుదిరితే రోకలి అటకెక్కిస్తానని ఇరుగుపొరుగు అమ్మలక్కలతో చెప్పుకుని మురిసిపోయేది. ఆ మాట విన్నప్పుడల్లా కొమ్మన అమ్మకు ముందే చెప్పేద్దామనుకునేవాడు, ఆమె ముఖం చూసి చాట అందుకుని బియ్యం చెరిగేవాడు.

ఆకులూ మసీ సరఫరా చేసే భండారానికి అధికారి మాచన. రాజుగారి కొలువులో చమత్కారి అంటే అతనే. మొహం మీద నవ్వు కనిపించేది కాదు, ఎదుటివాళ్లు ఇంటికి వెళ్లాక గానీ అతనన్నది అర్థమయ్యేది కాదు. పరీక్షకు ముందురోజు అతను విద్యాపీఠానికి వచ్చి, విద్యార్థులకు ఆకులు పంచుతూ కొమ్మన దగ్గర ఆగాడు.

"చేతులు చూపించవోయ్," అన్నాడు.

కొమ్మన చూపించాడు. రాసేవాళ్లు గంటం జారకుండా బొటనవేలి గోటికి చిన్న గంటు పెట్టుకుని, అందులో గంటాన్ని ఆనించి నడుపుతారు. గంటం కుడిచేతిలో ఉంటుంది కాబట్టి గంటు ఎడమ బొటనవేలికి ఉంటుంది. కొమ్మన ఎడమ బొటనవేలికీ ఉంది, కానీ పేరుకే. కుడి బొటనవేలి గోటికి ఉన్న గంటు మాత్రం బాగా అరిగి లోతుగా ఉంది.

మాచన ఆ గోటిని చూసి, కొమ్మన మొహం చూశాడు. "ఎక్కడ రాస్తున్నావు, ఎవరూ చూడకుండా?"

కొమ్మన చేతులు వెనక్కి లాక్కున్నాడు. "పశువుల కొట్టంలో అయ్యా. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు. తప్పయిపోయింది. గురువుగారితో చెప్పకండి, మీకు పుణ్యముంటుంది."

"చెప్పడానికి నాకేం పనిలేదా? రేపు ఏ చేత్తో రాస్తావు?"

"కుడిచేత్తోనే అయ్యా. ఎడమచేత్తో రాస్తే గురువుగారు అప్పటికప్పుడే గెంటేస్తారు."

"కుడిచేత్తో రాస్తే రాజుగారు ఎల్లుండి గెంటేస్తారు. అంతేగా తేడా." మాచన అతని చేతిలో ఆకు పెట్టి గొంతు తగ్గించాడు. "ఏ చెయ్యి నీ మాట వింటుందో ఆ చేత్తో రాయి. తరవాతి సంగతి నేను చూసుకుంటాను."

ఎలా చూసుకుంటాడో చెప్పకుండానే వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ధైర్యం తెచ్చుకుందామని కొమ్మన ఎంత ప్రయత్నించినా కుదరలేదు. ఇంతకు ముందు ఉన్నది ఒక భయమే, ఇప్పుడు రెండయ్యాయి.

మరునాడు పరీక్ష మొదలుపెట్టడానికి రాజుగారు స్వయంగా పల్లకిలో వేంచేశారు. సోమయాజులుగారు వాక్యాలు చదివారు. విద్యార్థులు గోడ వైపు తిరిగి కూర్చోబోతుండగా మాచన చేతులు జోడించాడు.

"ప్రభూ, చిన్న మనవి. ఏలినవారి అక్షరాలు చూసి ఈ పిల్లలు దిద్దుకుంటున్నారు. కానీ నిన్న ఒక పొరుగూరి పండితుడు కూశాడు. అది ప్రభువుల గొప్ప కాదట, కుడిచేతి అలవాటట. ఎడమచేతికిస్తే ఆయనా అందరిలాంటివాడే అన్నాడు."

రాజుగారి మీసం కదిలింది. "ఎవడా పండితుడు?"

"పోయాడు ప్రభూ, పొద్దున్నే పొలిమేర దాటాడు. నేను మాత్రం ఊరుకోలేదు. మా రాజుగారి ఎడమచేయి కూడా ముత్యాలే రాలుస్తుందని పందెం కాశాను."

"గెలిచావు పో," అని రాజుగారు చేయి చాపారు. "ఆకు ఇలా తే. గంటం తే."

గోడవార కూర్చున్న కొమ్మన నోరు తెరుచుకుని చూశాడు. రాజుగారు గంటాన్ని నిజంగానే ఎడమచేత్తో పట్టుకున్నారు. నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని, చెప్పిన వాక్యాలన్నీ గీశారు. గీతలు ఎలా పడ్డాయో ఆయనకు కనిపించలేదు, ఎవరికీ కనిపించలేదు. సోమయాజులుగారి మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

"ఎలా ఉంది సోమయాజీ?" అన్నారు రాజుగారు.

సోమయాజులుగారు చేతులు జోడించారు. "దివ్యంగా ఉంది ప్రభూ. మహారాజుల చేతులకు కుడీ ఎడమా ఉండవు. రెండూ సరస్వతి కొలువులే."

మాచన ఆ ఆకును కళ్లకద్దుకున్నాడు. "రేపు పిల్లల ఆకులతో కలిపే మసి పూయిస్తాను ప్రభూ. వాటి మధ్య ఇది నక్షత్రాల్లో చంద్రుడిలా తెలిసిపోవాలి."

ఆ మాటకు రాజుగారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. సోమయాజులుగారు ఆయన్ని సాగనంపడానికి పల్లకి దాకా వెళ్లారు. పొగడ్తలు పూర్తికావాలి కదా, తొందరగా రాలేదు.

గోడ వైపు తిరిగి కూర్చున్న కొమ్మన చేతిలో గంటం చెమటకు జారిపోతోంది. కుడిచేత్తో మొదలుపెడదామని ఆకు మీద ఆనించాడు. అమ్మ రోకలి కళ్లముందు కదిలింది. వెనక్కి తిరిగి చూశాడు, గురువుగారు ఇంకా రాలేదు. గంటాన్ని ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. ఆ తరవాత చేయి ఆగలేదు. బెత్తం చప్పుడు గుమ్మంలో వినిపించేసరికి చివరి సున్న చుట్టేసి, ఆకును ఒళ్లో దాచుకున్నాడు.

తెల్లవారి సభ కిక్కిరిసిపోయింది. విద్యార్థులంతా తమ గంటాలు ఎదురుగా పెట్టుకుని వరసగా కూర్చున్నారు. ఓ పక్క కమ్మరి సమ్మెట పట్టుకుని నిలబడ్డాడు. కొమ్మన ఆ సమ్మెట వైపు చూడకూడదనుకుంటూనే చూస్తున్నాడు. వెనకాల జనంలో వాళ్లమ్మ ఉతికిన చీర కట్టుకుని మునివేళ్ల మీద నిలబడి ఉంది.

మాచన మనుషులు ఆకులకు మసి పూసి, తుడిచి, పళ్లెంలో పేర్చారు. రాజుగారు ఒక్కొక్కటే తీసి చదవసాగారు. ఒకడు ధైర్యవంతుడన్నారు, వాడు లేచి దణ్ణం పెట్టాడు. ఇంకొకడు బద్ధకస్తుడన్నారు, వాడూ లేచి దణ్ణం పెట్టాడు. అలా కొన్ని అయ్యాక ఒక ఆకు చేతిలోకి తీసుకుని రాజుగారు నిటారుగా కూర్చున్నారు.

ఆ ఆకు మీద అక్షరాలు గుండ్రంగా, ఒక్క తీరుగా ఉన్నాయి. గీత ఎక్కడా వణకలేదు.

"ఇది చూశారా," అన్నారు రాజుగారు. "ఇది వేరే చెప్పాలా? మాదే. మా ఎడమచేతి రాత. ఈ రాసిన చేతిలో స్థిరత్వం ఉంది, వినయం ఉంది, పదిమందికి చెప్పగల విద్వత్తు ఉంది. కుడిచేత్తో కూడా మేమింత బాగా రాశామో లేదో."

సభ చప్పట్లతో మారుమోగింది. సోమయాజులుగారు అందరికంటే ఎక్కువ సేపు కొట్టారు.

కొమ్మన చేతులు మాత్రం లేవలేదు. అది తన ఆకు. ఆ సున్నలు తనవి, ఆ కొమ్ములు తనవి. రాజుగారు తన ఆకు తీసేసుకుంటే తనకిక మిగిలేది ఏది? మాచన వైపు చూశాడు. మాచన పైకప్పు దూలాలు పరీక్షిస్తున్నాడు.

ఆకులు తరిగిపోయాయి. మిగతా విద్యార్థులంతా తమ వంతు లేచి, మళ్లీ కూర్చున్నారు. చివరి ఆకు బయటికి వచ్చింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. ఓ మూల ఆకు చిరిగింది కూడా. రాజుగారు ముక్కు చిట్లించి దాన్ని దూరంగా పట్టుకున్నారు.

"ఛీ. వీడెవడో గానీ పొగడ్తకు పడిపోయే రకం. తనకు చేతకాని పని కూడా వచ్చనుకునే రకం. తన కంటే గొప్పవాడు లేడనుకుని, పక్కవాడి సొమ్ము తనదని చెప్పుకోవడానికి సిగ్గుపడడు. ఇలాంటివాడికి గంటం విరిస్తే చాలదు. పొలిమేర దాటించాలి. ఎవడు వాడు, లేవమనండి."

ఎవరూ లేవలేదు. సభంతా తలలు తిప్పి కొమ్మన వైపు చూసింది.

"వీడే ప్రభూ," అన్నారు సోమయాజులుగారు. "నేనెంత మొత్తుకున్నా మారలేదు. లేవరా కొమ్మనా."

కొమ్మన లేచాడు. కమ్మరి వచ్చి అతని ముందున్న గంటం తీసుకున్నాడు. జనంలోంచి ఎవరో చిన్నగా మూలిగినట్టు వినిపించింది. అది ఎవరి గొంతో అతనికి తెలుసు.

"అది నాది కాదు ప్రభూ," అన్నాడు.

"నీది కాదా? మరి నీది ఏది?"

ఇదే కొమ్మనను చంపేసిన ప్రశ్న. తన ఆకు రాజుగారి ఒళ్లో ఉంది. అది నాదంటే రాజుగారు అబద్ధమాడారన్నట్టు. పైగా ఎడమచేత్తో రాశానని ఒప్పుకున్నట్టు. నాది లేదంటే, ఈ పాడు ఆకే తనదవుతుంది.

అప్పుడు మాచన దూలాల మీంచి చూపు దించాడు. "ఇందులో తగువెందుకు ప్రభూ? ఆ గంటం వాడికి తిరిగి ఇప్పించండి. అవే వాక్యాలు మీ ఎదుట రాస్తాడు. మసి పూసి చూద్దాం. ఏ ఆకుతో కలిస్తే అది వాడిది."

"రాయమను," అన్నారు రాజుగారు. "ఈ చివరి ఆకుతో కలవకపోతే అప్పుడడుగు."

కొమ్మన ముందు కొత్త ఆకు పెట్టారు. గంటం చేతికిచ్చారు. మాచన ఏదైనా సైగ చేస్తాడేమోనని ఎదురుచూశాడు. మాచన చేయలేదు. కుడిచేత్తో రాస్తే పాడు ఆకుతోనే కలుస్తుంది, అంతటితో అయిపోతుంది. ఎడమచేత్తో రాస్తే ఏమవుతుందో తెలియదు. కొమ్మన కళ్లు మూసుకుని తెరిచాడు. గంటాన్ని ఎడమచేతిలోకి తీసుకున్నాడు.

"అపచారం," అని సోమయాజులుగారు బెత్తం కోసం తడుముకున్నారు. "ప్రభూ, వాడు ఎడమచేత్తో..."

"అయ్యో గురువుగారూ," అన్నాడు మాచన శాంతంగా. "నిన్న మహారాజుగారు రాసినప్పుడు మీరే కదా రెండు చేతులూ సరస్వతి కొలువులన్నది. ఒక్కరోజులో అమ్మవారు ఇల్లు మార్చిందా?"

సోమయాజులుగారు బెత్తం కోసం చాపిన చేయి వెనక్కి తీసుకున్నారు. రాజుగారు ఏదో అనబోయి, తనూ అదే చేత్తో రాశానని గుర్తొచ్చి ఊరుకున్నారు.

కొమ్మన రాశాడు. మసి పూశారు. తుడిచారు. మాచన ఆ ఆకును తీసుకెళ్లి, రాజుగారి ఒళ్లో ఉన్న ముత్యాల్లాంటి ఆకు పక్కన పెట్టాడు.

రెండూ ఒకటే. అవే గుండ్రాలు, అవే కొమ్ములు. రాజుగారు అటు చూశారు, ఇటు చూశారు. సభలో తలూపే అలవాటున్నవాళ్లకు ఎటు ఊపాలో తెలియలేదు.

"మరి మాది..." అని రాజుగారు ఆగిపోయారు. ఆయన చూపు మెల్లిగా ఆ చివరి ఆకు మీదికి వెళ్లింది.

కొమ్మన ఊపిరి బిగపట్టాడు. ఇప్పుడు విరిగేది గంటం కాదు, తన మెడేననుకున్నాడు.

మాచన నేల మీద మోకరిల్లాడు. "ప్రభూ, ఆ చివరి ఆకు రాసినవారి పేరు నా నోటితో చెప్పలేను. ఆయన్ని పొలిమేర దాటించమన్నారు, ఆయనకు గొడుగెవరు పట్టాలా అని ఆలోచిస్తున్నాను. నాకొక్క సందేహం తీర్చండి. అక్షర సాముద్రికం నిజమైతే, ఆ రాసినాయన ఏలినవారు వర్ణించినట్టే ఉండాలి. అది నిజం కాకపోతే, రాత బాగాలేదని ఎవరి గంటమూ విరవక్కర్లేదు. ఈ రెండింట్లో ఏది ఉంచమంటారో సెలవివ్వండి."

రాజుగారు తన ఎడమచేతిని ఎత్తి, ఎవరిదో చూస్తున్నట్టు చూసుకున్నారు. వేళ్లు ముడిచారు, చాపారు. తరవాత చివరి ఆకును దగ్గరికి తెచ్చుకుని, దాని మీది మొదటి అక్షరం ఏమిటో చదవడానికి ప్రయత్నించారు. కుదరలేదు. తలకిందులుగా తిప్పి చూశారు. అప్పుడూ కుదరలేదు.

మీసాల చాటున ఏదో కదిలింది. పొట్ట అదిరింది. ప్రతాపభూషణ మహారాజు సింహాసనం మీద వెనక్కి వాలి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"పక్కవాడి సొమ్ము తనదంటాడని మేమే చెప్పాం కదూ," అన్నారు నవ్వు మధ్యలో. "మాచనా, నువ్వు మమ్మల్ని మా చేత్తోనే కొట్టించావు. ఇక నుంచి ఈ సభలో సాముద్రికం లేదు. కమ్మరీ, నువ్వు ఇంటికెళ్లు."

అప్పుడు సభ కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. రాజుగారు తన బంగారు కడియం తీసి మాచనకిచ్చారు. మాచన దాన్ని అటూ ఇటూ తిప్పి, ఏ చేతికి తొడుక్కుంటే అపచారం కాదో సోమయాజులుగారినే అడిగాడు. ఆయన ఇష్టమొచ్చిన చేతికి తొడుక్కోమన్నారు. ఎడమచేతి వాటం ఉన్న పిల్లల చేతులు ఇక కట్టకూడదని అక్కడే ఆజ్ఞ వెలువడింది.

కొమ్మనకు కొలువు దొరికింది. కానీ ఏ కొలువో విన్నప్పుడు పోయిన భయమంతా మళ్లీ తిరిగొచ్చింది. రాజుగారికి ఎడమచేతి రాత నేర్పే కొలువు. మహారాజు మొండివాడు, రానిదేదో ఉందంటే ఒప్పుకోడు.

మొదటి రోజు పాఠానికి రాజుగారు తలుపులు వేయించి, పరిచారకులను బయటికి పంపేశారు. ఎడమచేత్తో గంటం పట్టుకుని, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని చాలాసేపు గీశారు. తానే మసి పూశారు, తానే తుడిచారు. ఆకును కొమ్మన ముందు పెట్టి, పైపంచెతో చేతి చెమట అద్దుకున్నారు.

"ఎలా ఉంది?" అని అడిగారు. గొంతు చాలా చిన్నగా వచ్చింది.

కొమ్మన ఆకు చూశాడు. అక్షరం ఒకటి కొండెక్కింది, ఒకటి లోయలో పడింది. తలెత్తి చూస్తే రాజుగారు ఊపిరి బిగపట్టుకుని ఉన్నారు. ఆ ఊపిరి ఎక్కడ ఆగిందో, ఎంత నొప్పిగా ఉంటుందో కొమ్మనకు బాగా తెలుసు. ఇన్నేళ్లలో తనకెవరూ చెప్పని మాట ఒకటి అతని నోటికి వచ్చింది.

"ఫరవాలేదు ప్రభూ," అన్నాడు. "చెయ్యి ఇప్పుడే కదా మొదలుపెట్టింది. ఇంకొక ఆకు తీసుకోండి."

రాజుగారు వదిలిన ఊపిరికి దీపం రెపరెపలాడింది. ఆయన చిన్నపిల్లవాడిలా నవ్వి, ఇంకొక ఆకు తీసుకున్నారు.